పదకొండో సమాధిలో నువ్వులు

ఆ గింజలు రెండు వేల ఏళ్ళ నాటివి కావు. ఆ సంగతి మొదటి రోజు నుంచీ నాకు తెలుసు.

చల్లపల్లి అవతల వరిపొలాల మధ్య, ఎప్పటిదో ఊరు పూడిపోయి మిగిలిన ఒక పాటిదిబ్బ ఉండేది. రైతులు తరతరాలుగా ఆ మట్టిని ఎరువుకి తోలుకునేవారు. ఒక వేసవిలో అలా తవ్విన అంచున వరసగా కుండల మూతులు బయటపడ్డాయని విని ముందు వెళ్ళింది నేనే. పురావస్తు తవ్వకాల్లో కొలతలు తీసి బొమ్మలు గీయడం నా పని. కాంట్రాక్టు ఉద్యోగం. అవి చనిపోయినవాళ్ళ ఎముకలు ఏరి పూడ్చిన కుండలని, పక్కన దొరికిన నున్నటి పళ్ళేల ముక్కలు రోము దేశంతో ఓడ వర్తకం సాగిన కాలానివని మా అధికారికి రాసి పంపాను. నేను రాసిందే ఆయన పేరుతో విజయవాడ పత్రికల్లో వచ్చింది. టీవీ వాళ్ళు దిబ్బ దగ్గరికి వచ్చిన రోజున నేను గుంటలో టేపు పట్టుకుని ఉన్నాను.

"మీరు కొంచెం పక్కకి జరగండి. కూలివాళ్ళెవరూ కెమెరాలో పడకూడదంట," అన్నారు మా అధికారి.

పైన మట్టి మోస్తున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నలభై దాటినవాడు ఇంత చిన్న మాటకి పగ పెట్టుకుంటాడా అంటే, పెట్టుకున్నాను. రోజూ పొద్దున్నే పామర్రు నుంచి బస్సులో వస్తూ, ఆయన పదిమందిలో తలదించుకునే రోజు ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి.

పదకొండో సమాధిలో, ఇటుకల అరలో, పగలని కుండ దొరికింది. మూత తీశాక అందరూ అన్నాలకి వెళ్ళారు. కూలీలకి పెద్ద, మేమంతా మామ్మా అని పిలిచే ముసలామె, ఒక్కతే గుంటలోకి దిగింది. కొంగున కట్టుకొచ్చినవేవో కుండలో వేసి సీసాతో నీళ్ళు వదిలింది. గట్టు మీద నేనున్నానని చూసినా కంగారుపడలేదు.

"నువ్వులు బాబూ. నా అన్నోళ్ళు లేకుండా ఎన్నాళ్ళ నుంచి పడున్నాడో. రేపు పెట్టెలో పెట్టి పట్టుకుపోతారంట కదా. మగాళ్ళు చెయ్యాలిగానీ, ఎవరూ దిగలా."

తీసెయ్యమనాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రం అధికారి ఆ తడిమట్టిలో నల్లటి గింజలు చూసి మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. మంటలో మాడిన గింజలు వేల ఏళ్ళు నిలుస్తాయి. నల్లనువ్వులు చూపుకి అలాగే ఉంటాయి. తానే ఎన్ని తద్దినాల్లో నువ్వులు వదిలారో, అయినా ఆయనకి తట్టలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ప్రతి గింజనీ బొమ్మలో చూపించమన్నారు. చుక్క చుక్కా శ్రద్ధగా గీశాను. సంతోషంలో, బొమ్మ కింద మీ పేరు వేయిస్తానండీ అన్నారు. అప్పుడూ చెప్పలేదు.

విజయవాడ సభలో ఆయన ఆ గింజల గురించే గంటసేపు మాట్లాడారు. వెనక వరసలో కూర్చుని ప్రతి మాటా ఆనందంగా విన్నాను. కొన్ని నెలలకి ల్యాబు నుంచి, గింజలు కొత్తవని రిపోర్టు వచ్చింది. ఏ కిరాణా కొట్టులో కొన్నారండీ అని తోటివాళ్ళు ఆయన్ని అడిగారట. ఆ వారమంతా నాకు కడుపు నిండినట్టుంది.

ఆ తర్వాత జరగబోయేది నేను ఆలోచించలేదు. అధికారి వాకబు చేస్తే నువ్వులు మామ్మవని తేలింది. ఎవరి మాట మీదో కావాలనే కలిపావంటూ ఆమెని దిబ్బ మీద అందరి ముందూ నిలబెట్టి దొంగదన్నారు. ఆమె నా వంక చూసింది. నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను. ఆమె పేటవాళ్ళని ఆ రోజే పనిలోంచి పంపేశారు. గింజలు అబద్ధమైతే మిగతావి మాత్రం నిజమా అన్న అనుమానంతో, మరుసటేడు తవ్వకానికి అనుమతి రాలేదు. దిబ్బ సొంతదారు జేసీబీ పెట్టి రొయ్యల చెరువు తవ్వించాడు. మేము ముట్టని సమాధులు ఎన్ని పోయాయో ఎవరూ చెప్పలేరు.

కిందటి నెల మామ్మ ఇంటికి వెళ్ళాను. చూసి కూడా కావాలనే దాచానని చెప్పాను.

"నీకూ ఆయనకీ పడకపోతే మీరూ మీరూ చూసుకోవాలిగానీ, మధ్యలో నేనేం చేశాను?" అంది. తర్వాత, "నన్ను దొంగదన్నది అందరి ముందర. నువ్వొచ్చి నా ఒక్కదాని చెవిలో చెప్తే సరిపోద్దా?"

అధికారి ఇప్పుడు రిటైరయ్యారు. జరిగిందంతా రాస్తున్నానని ఫోను చేస్తే, "పాతవన్నీ ఎందుకండీ, మీ పేరే పోతుంది," అన్నారు. పోనివ్వండి అన్నాను. ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. నేను రాసింది తన పేరున వేసుకున్నారనీ, ముసలామెని అనరాని మాట అన్నారనీ కాగితం మీద ఉండాలనే కోరిక కూడా ఈ రాతలో ఉంది. దాచను.

పదకొండు సమాధులూ నిజం. ఎముకలు, కుండలు, ఇటుకలు నిజం. నువ్వులు ఒక మనిషి దిక్కులేని మరో మనిషికి వదిలినవి. అవి కొత్తవని తెలిసీ సమాధితో పాటు గీసింది నేను. ఇంతవరకూ ఆఫీసుకి రాసి పంపాను. ఇదే మామ్మ పేటలో ఆదివారం అందరి ముందూ చదువుతాను. ఆ రోజైతే పనిపోయినవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉంటారని ఆమే చెప్పింది.