ఆమెన్ చెప్పాల్సిన తిట్లు

ముఖం మీద తిట్టేవాళ్ళంటే నాకు గౌరవం. తిట్టాక వాళ్ళకీ తేలిక, మనకీ తేలిక. తిరిగి ఒక మాట అనొచ్చు, లేదా ఊరుకుని పెద్దమనిషి అనిపించుకోవచ్చు. మా సంఘంలో నాకు ఆ భాగ్యం లేదు. మా సంఘంలో ఎవరూ తిట్టరు. ప్రార్థన చేస్తారు.

అమెరికాలో డాలస్ పక్కనున్న కాపెల్‌లో మాది చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఆదివారం పొద్దున ఆరాధన ముగించుకుని వెళ్ళిపోయాక మధ్యాహ్నం ఆ హాలు మాకిస్తారు. వారమంతా నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, ఆదివారం పాస్టర్‌గా బైబిలు వాక్యం చెబుతాను. జీతం లేదు, నేను అడగనూ లేదు. మన ఊళ్ళ అలవాటు ప్రకారం నన్ను అయ్యగారనీ, నా భార్యను అమ్మగారనీ పిలుస్తారు. ఆ 'గారు' చూసి మోసపోకండి.

అసలు గొడవంతా ప్రార్థన లైన్‌లో ఉంది. పనిరోజుల్లో తెల్లవారుజామున ఐదున్నరకి అందరం ఫోన్‌లో ఒకే కాల్‌లో కలుస్తాం. ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్ళు మ్యూట్‌లో ఉంటారు. అయ్యాక అందరూ మ్యూట్ తీసి ఆమెన్ అంటారు. మధ్యలో మాత్రం ఎవరూ నోరెత్తకూడదు. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, చిన్నప్పటినుంచీ ఒంటబట్టిన మర్యాద. దేవుడితో మాట్లాడుతున్న మనిషిని ఆపే ధైర్యం ఎవరికుంటుంది? ఆ సంగతి మావాళ్ళు బాగా కనిపెట్టారు.

మా అయ్యగారికి క్లుప్తంగా మాట్లాడే కృప దయచేయి ప్రభువా అని ఒకరు ప్రార్థిస్తారు. అంటే పోయిన ఆదివారం నేను సాగదీశానని. మర్నాడు ఇంకొకరు నాకు వాక్యంలో లోతు దయచేయమంటారు. అంటే పైపైన చెప్పి వదిలేశానని. ఇద్దరి మాటా వినాలంటే నేను లోతుకీ వెళ్ళాలి, త్వరగానూ వెళ్ళాలి, బావిలో పడ్డట్టు. పిల్లలకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పే మనసు నాకివ్వమని ఒక ప్రార్థన, తెలుగును చిన్నచూపు చూడని మనసివ్వమని ఇంకో ప్రార్థన. ప్రతిదాని చివరా సంఘ కాపరిని కాబట్టి అందరికంటే ముందు నేనే ఆమెన్ అనాలి. ఆమెన్ అంటే అలాగే జరుగు గాక అని కదా. నన్ను అన్న మాటకు నేనే ఔనని వంత పాడాలి.

చికాగో దగ్గర నేపర్‌విల్‌లో నాలాగే ఇంకో తెలుగు సంఘాన్ని నడిపే స్నేహితుడికి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. గొర్రెలు కాలు తొక్కుతాయి, కాపరి తిరిగి తొక్కకూడదు బ్రదర్ అన్నాడు. ఆయనకేం, చెప్పాడు. తొక్కించుకున్న కాలు నాది. అయినా ఆ మాటే పట్టుకుని చాలాకాలం అన్నీ మింగాను.

మింగలేకపోయింది నా భార్య పాట విషయం.

ఆమె నర్సు. గుంటూరు దగ్గర పల్లెలో వాళ్ళమ్మ పాడగా విని నేర్చుకున్న పాత కీర్తనలు ఆమెకు బోలెడు వచ్చు. గొంతు కొంచెం బొంగురు. పైకి ఎత్తాల్సిన చోట ఒక మెట్టు కిందే ఆగిపోతుంది. అయినా ఆమె మొదలుపెడితే వెనక వరుసలో పసిపిల్లను జోకొడుతున్న తల్లి కూడా గొంతు కలిపేది. మాకు వాయిద్యాలేవీ లేని రోజుల్లో, పట్టుమని పది కుటుంబాలు లేని రోజుల్లో, మా చప్పట్లూ, ఆమె గొంతూ, అదే మా ఆరాధన.

తర్వాత మా సంఘ పెద్ద కీబోర్డు తెచ్చాడు. ఆయన కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి తెచ్చుకున్నది నేను. అపార్ట్‌మెంట్ దొరికేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు, మా ఆవిడ చేతి అన్నమే తిన్నాడు. మంచివాడు, పనిమంతుడు, కీబోర్డు కూడా బాగా వాయిస్తాడు. ఆయన వాయిద్యం ఒక దారి, ఆమె గొంతు ఒక దారి అయ్యేసరికి ప్రతి ఆదివారం మొహం చిట్లించేవాడు. నోరు తెరిచి ఒక్కసారి, అమ్మగారూ కొంచెం ప్రాక్టీస్ చేద్దామా అని అడిగి ఉంటే ఆమె సంతోషంగా కూర్చునేది. అడగలేదు. ఒక పొద్దున లైన్‌లో, వెన్నలాంటి గొంతుతో ఇలా ప్రార్థించాడు.

"తండ్రీ, మా అమ్మగారికి శ్రుతి జ్ఞానం దయచేయి. నీ ఆరాధనకు డిస్టర్బెన్స్ లేకుండా, కొంచెం వెనక్కి తగ్గే దీనమనసు ఆమెకు అనుగ్రహించు ప్రభువా."

ఆమె అప్పుడు వంటింట్లో లంచ్ బాక్సులు సర్దుతోంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అందులోంచి వరసగా ఆమెన్‌లు వచ్చాయి. నేను మ్యూట్ తీయలేదు. ఆమె మాత్రం బాక్సు మూత నొక్కి, మెల్లగా తనూ ఆమెన్ అంది.

ఆ ఆదివారం నుంచి పాడటం మానేసింది. చర్చిలో మానేస్తే మానేసింది, ఇంట్లోనూ మానేసింది. చపాతీ పిండి కలుపుతూ పాడేది, బట్టలు మడతపెడుతూ పాడేది, నేను డ్రైవ్ చేస్తుంటే పక్క సీట్లో కూర్చుని పాడేది. ఇప్పుడు కార్‌లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. పాడమని బతిమాలితే, దేవుడికి డిస్టర్బెన్స్ ఎందుకులెండి అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఒక ఆదివారం పార్కింగ్ లాట్‌లో ఆ పెద్దను పట్టుకున్నాను. భోజనాలయ్యాక ఖాళీ బిర్యానీ ట్రేలు కార్‌లో పెట్టుకుంటున్నాడు. మా ఆవిడ గురించి లైన్‌లో అలా అనడం నాకు నచ్చలేదు బ్రదర్, ఆమె పాటే మానేసింది అని సూటిగా చెప్పాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అయ్యో అయ్యగారూ, నేను దేవుడితో మాట్లాడాను గానీ మనుషులతో ఒక్క మాట డిస్కస్ చేయలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

ఆయన నటించడం లేదు. అది నన్ను ఇంకా రెచ్చగొట్టింది. తాను చేసింది చాడీ అని తెలిసినవాడైతే దులిపేయొచ్చు, పుణ్యం చేశానని నమ్మేవాడిని ఏం చేస్తాం? మింగలేక కక్కలేక కార్ ఎక్కాను.

ఇంటికి వెళ్తూ ఆమెతో చెప్పేశాను, వచ్చే ఆదివారమే ఆఖరు, ఈ కాపరితనం నాకొద్దు, లేచి అందరి ముందూ చెప్పి దిగిపోతాను అని. స్టీరింగ్ మీద గుద్దాను కూడా. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకటే అడిగింది.

"మీరు మానేస్తే నా పాట నాకొస్తుందా?"

అయినా నేను మానేయాలన్న నిర్ణయం మాత్రం మార్చుకోలేదు.

ఆ శుక్రవారం పొద్దున మళ్ళీ లైన్. డైనింగ్ టేబుల్ మీద నా ఫోన్, పక్కన ఆమె, డ్యూటీ బట్టల్లో, టీ కప్పుతో. సంఘ పెద్ద వంతు వచ్చింది. ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. అయ్యగారి ఇంట్లో సమాధానం, అంటే శాంతి, దయచేయమన్నాడు. ఆ ఇంటి మీదికి వచ్చిన కోపపు ఆత్మను గద్దించమన్నాడు. అమ్మగారి గాయపడిన మనసును ముట్టి స్వస్థపరచమన్నాడు. పార్కింగ్ లాట్‌లో నేను నమ్మి చెప్పిన మాటను పొల్లుపోకుండా పట్టుకొచ్చి అందరి చెవిలోనూ పోశాడు.

నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. ఏమైతే అదవుతుంది, ప్రార్థన మధ్యలోనే నోరు మూయించేద్దామనుకున్నాను. అప్పటికే సగం లేచాను. ఆమె నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టి, ఫోన్ తన వైపు లాక్కుంది. ఆయన ముగించేదాకా ఆగింది. ఆమెన్‌లన్నీ అయ్యేదాకా కూడా ఆగింది. అప్పుడు మ్యూట్ తీసి, నేను ప్రార్థన చేస్తాను అంది. ఎన్నో నెలలుగా ఆ లైన్‌లో ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"ప్రభువా, నా గొంతు బాగోదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా అమ్మదీ ఇదే గొంతు. ఈ గొంతుతో పాడుకుంటూనే పొలంలో కలుపు తీసి నన్ను చదివించింది. ఇది నువ్విచ్చింది. ఇందులో లోపముంటే బ్రదర్ నిన్ను అడగాలి. నిన్ను అడుగుతున్నట్టు నన్ను అనకూడదు. నాతో చెప్పాల్సింది ఏమైనా ఉంటే మా ఇంటికి రమ్మను, ఆయనకి మా ఇల్లు కొత్త కాదు. టీ పెట్టిస్తాను, కూర్చుని వింటాను. నీ పేరు అడ్డం పెట్టుకుని మాత్రం ఎవరూ ఎవర్నీ అనొద్దని చెప్పు తండ్రీ. ఈ ఆదివారం నేను పాడతాను. ఆమెన్."

ఒక్కరూ అడ్డం రాలేదు. ఎలా వస్తారు, ప్రార్థన కదా. అయ్యాక ఒక్కరూ ఆమెన్ కూడా అనలేదు. ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను ఫోన్ దగ్గరికి వంగి ఆమెన్ అన్నాను. ఆ లైన్‌లో అంత గట్టిగా నేనెప్పుడూ అనలేదు.

ఆదివారం ఆమె మైకు ముందుకు వెళ్ళి నిలబడింది. సంఘ పెద్ద అలవాటు కొద్దీ కీబోర్డు మీద చేతులు పెట్టి, ఆమె ఏ స్థాయిలో అందుకుంటుందో వెతుక్కుంటూ ఒక మెట్టు నొక్కాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే, ఇవాళ కీబోర్డు వద్దు బ్రదర్ అంది. ఆయన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చప్పట్లు కొడుతూ వాళ్ళమ్మ పాట అందుకుంది. పైకి ఎత్తాల్సిన చోట ఎప్పటిలాగే ఒక మెట్టు కింద ఆగింది. మొదటి వరుసలో కొందరు తలలు దించుకున్నారు. వెనక వరుసలోంచి ఒక తల్లి గొంతు కలిపింది, తర్వాత ఇంకొకరు.

పాట అయ్యాక వాక్యం చెప్పడానికి లేచాను. దిగిపోతున్నానని చెప్పాల్సిన చోట బైబిలు తెరిచాను, ఆవేళ కావాలనే సాగదీశాను. మా పెద్ద ఇంతవరకూ టీకి రాలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే చేతులు జోడించి వందనాలు అయ్యగారూ అంటాడు, నేనూ వందనాలంటాను. కార్‌లో పక్క సీట్లోంచి మళ్ళీ పాట వినబడుతోంది. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. దానికోసం ఎవరూ ప్రార్థన చేయనక్కర్లేదు.