చిన్నమ్మది పాటా, అరుపా?

మా చిన్నమ్మ పోయిందని కిందటి నెల సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున టీ తాగి, వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ కూలిపోయిందట. దవాఖానకు చేరేసరికే ఊపిరి లేదు. మిర్యాలగూడ నుంచి మేం బయల్దేరుతుంటే మా అమ్మ, "దాని గొంతు గట్టిది, గుండె గూడ గట్టిదే అనుకున్న" అని ఏడ్చింది.

సూర్యాపేట, కోదాడ వైపు వాళ్లలో కొందరైనా ఆమె పాట వినే ఉంటారు. మళ్లీ ఎప్పుడు పాడుతుందని అడిగినవాళ్లున్నారు, ఇంకెప్పుడూ పిలవొద్దని నిర్వాహకులతో గొడవపడ్డవాళ్లూ ఉన్నారు. "పర్వాలేదు" అని ఊరుకున్న మనిషి మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మొదట్లో ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు పాడేది. తర్వాత కోదాడలో గిటార్ నేర్పే ఒక మాస్టారితోనూ, ఆయన తమ్ముడైన డ్రమ్మర్‌తోనూ కలిసి రాక్ బ్యాండ్ పెట్టింది. పాటలు తనే కట్టుకునేది, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. గిటార్ మోత మీద ఆమె గొంతు గరగరమంటూ మొదలై, చరణం చివరికి వచ్చేసరికి పగిలి కేక అయ్యేది. కొత్తగా వినేవాళ్లు, పాపం గొంతు పోయినట్టుంది అని జాలిపడేవాళ్లు. పాడబోయే ముందు తక్కిన గాయకులు చల్లనీళ్లు కూడా ముట్టరు. ఆమె మాత్రం వేడివేడి మిర్చి బజ్జీలు తినేది.

ఆ పాట ఎవరికి నచ్చుతుందో ఊహించబోయిన ప్రతిసారీ నా లెక్క తప్పేది. జుట్టుకు రంగులేసుకున్న కాలేజీ కుర్రాళ్లు చెవులు మూసుకున్నారు. చిన్నమ్మ పక్కింట్లో ఉండే, రోజూ భజనకు పోయే ముసలమ్మేమో వీళ్ల సాధన మొదలవగానే కుర్చీ తెచ్చుకుని కూర్చునేది. "నా మొగుని మీద నేనొక్కనాడు అరవలే. ఈ పిల్ల అరుస్తుంటె నా పానం హాయిగైతది" అనేది.

కోదాడలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి నేనూ వెంట వెళ్లాను. పాట మధ్యలో ముందు వరసలోని ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. కార్యక్రమం అయ్యాక చిన్నమ్మ ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లింది. గేటు దగ్గర ఉన్నాడు.

"ఏం నచ్చలే సార్? జర చెప్పుండ్రి" అని అడిగింది.

"మా అమ్మ ఆఖరి రోజుల్లో నొప్పికి ఇట్టాగే అరిచేదమ్మా. కూర్చోలేకపోయాను. నువ్వేం అనుకోమాకు" అన్నాడు.

బస్సులో చిన్నమ్మ మా ఇద్దరికీ టికెట్లు తీసుకుంది. ఆ తర్వాత, "లేసిపోయినోళ్లు ఇననోళ్లు గాదురా. గాయన అందరికంటె ఎక్కువ ఇన్నడు" అంది. పాట నచ్చనివాళ్లకు సంగీతం తెలియదన్న మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

నచ్చనివాళ్లలో మొదటివాడు మా నాన్నే. మిర్యాలగూడలో నాన్నకు రైస్ మిల్లు ఉంది. కొత్త మిల్లు తెరిచిన రోజు బంధువులు అడిగారని చిన్నమ్మను పాడటానికి పిలిచాడు. "మెత్తటి పాటలు పాడు. అరవకు. పెద్దమనుషులొస్తున్నరు" అన్నాడు. సరేనంది. రెండు సినిమా పాటలు తియ్యగా పాడింది. అందరూ భోంచేస్తూ తలలూపారు.

అప్పుడు మిల్లులో వడ్లు ఆరబోసే ఆడవాళ్లలో ఒకామె లేచి, "అక్కా, గవి వద్దు. నీ పాట పాడు" అంది. చిన్నమ్మ నాన్న వైపు చూసింది. నాన్న వద్దని తలూపాడు. అయినా చిన్నమ్మ మైకు పట్టుకుని తన పాటే అందుకుంది. ఊక దుమ్ములో దగ్గుతూ పనిచేసే మనిషి పాట అది. మొదటి కేకకే వ్యాపారులు ప్లేట్లు పట్టుకుని లేచారు. వెనకున్న ఆడవాళ్లు ముందుకొచ్చారు. నాన్న వెళ్లి మైకు వైరు పీకేశాడు. చిన్నమ్మ వట్టి గొంతుతోనే పాట పూర్తిచేసి, దిగి ఆయన దగ్గరికి వచ్చింది.

"నేను మాట తప్పిన, బావా. నీకు కోపమొచ్చుడు న్యాయమే. కాని వాళ్లడిగినంక పాడకుంటె నాకీ గొంతెందుకు?"

"ఇగ మా ఇంటికి రాకు" అన్నాడు నాన్న.

ఏళ్లపాటు రాలేదు. అమ్మే సూర్యాపేట బస్సెక్కి చెల్లెలిని చూసొచ్చేది. ఎక్కడికెళ్లావని నాన్న అడిగేవాడు కాదు.

నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు చిన్నమ్మ జావ పట్టుకుని వార్డులోకి వచ్చింది. నాన్న కళ్లు తెరిచి చూసి, "పాడతవా ఏంది?" అన్నాడు భయంగా.

"ఆపరేషనైనోని ముందట పాడతనా బావా? గంత పాపం నాకెందుకు!"

నాన్న నవ్వబోయి, కుట్లు నొప్పిపుట్టి ఛాతీ పట్టుకున్నాడు. ఆమె గబగబా వెళ్లి నర్సును పిలుచుకొచ్చింది.

ఆ తర్వాత రాకపోకలు మామూలయ్యాయి. ఒకరోజు అన్నం తింటూ నాన్న, "నువ్వంటె నాకు పాణం. నీ పాటనే నాకు పడది. ఏం చేయమంటవ్?" అన్నాడు.

"పడకుంటె పడకపాయె. బాగుందని నువ్వు అబద్ధమాడకు, నేను అబద్ధం పాడ. అయిపాయె గద!" అని ఆయన కంచంలో ఇంత పప్పు వేసింది. వాళ్లిద్దరి మధ్య ఉన్నంత నిజాయితీ మా బంధువుల్లో ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

చిన్నమ్మ పోయిన రోజు సూర్యాపేటలో ఆమె ఇంటి ముందు టెంట్ వేసి, ఆమెను ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టారు. కోదాడ నుంచి గిటార్ మాస్టారు ఒక స్పీకర్ పట్టుకుని వచ్చాడు. "ఆమె పాడిందొకటి రికార్డు చేశానండి. ఒక్కసారి పెడతాను" అని అడిగాడు.

"చావింట్ల గా లొల్లేంది?" అన్నారు కొందరు.

"ఆమె పాట ఆమెకే వద్దంటరా?" అన్నారు ఇంకొందరు.

గొంతులు లేచాయి. చిన్నమ్మకు అన్నదమ్ములు లేరు కాబట్టి అందరూ ఇంటి పెద్దగా నాన్న వైపు చూశారు.

"పెట్టుండ్రి. నాకు పడదు గని, పెట్టుండ్రి" అన్నాడు.

పాట మొదలైంది. కొంతమంది రోడ్డు మీదికి వెళ్లిపోయారు, రోడ్డు మీద పోతున్నవాళ్లు కొంతమంది ఆగారు. చరణం చివర ఆమె గొంతు పగిలి కేకయింది. నాన్న ముఖం చిట్లించుకున్నాడు. ఒక చేత్తో చెవి మూసుకున్నాడు. రెండో చెయ్యి ఫ్రీజర్ బాక్సు అద్దం మీద, ఆమె తల ఉన్నచోట, పాట అయిపోయేదాకా అలాగే ఉంది.