కాలువ వెంట నడిచిన ప్లీడరయ్య

తిరుత్తణి ప్లీడరయ్య పోయారన్న కబురు మా బావ, అక్క భర్త, తెచ్చాడు. పొద్దున బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడప దగ్గర నిలబడి, "ప్లీడరయ్య నిన్న సాయంత్రం పోయినాడంట. అరుగు మీద కూచోని ఎవురినో ఏందో అడగతా అడగతానే" అన్నాడు. ఆయన ఎవరిని ఏమడుగుతూ ఆగిపోయారో తెలుసుకోవాలని నాకు ముందుగా అనిపించింది. దుఃఖం ఆ తర్వాత వచ్చింది. ఆయన దగ్గర నాకు అబ్బిన గుణం అది.

మా పొలం తిరువళ్ళూరు తాలూకా పొలిమేరలో ఉంది. దానికి పారే కాలువ తిరుత్తణి వైపునుంచి వస్తుంది. ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడినప్పుడు తిరుత్తణి అటు పోయింది, మేము మద్రాసు రాష్ట్రంలో మిగిలాం. మా ఆయన పోయాక మల్లెతోట, వరిమడి, బావి అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఆ రోజుల్లోనే ఎగువన కాలువ గట్టుమీద నూలుకు రంగులు వేసే షెడ్డు ఒకటి వెలిసింది. నీళ్ళు ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా వస్తుంటే మొదట్లో వేడుకగా చూశాం. ఏడాది తిరిగేసరికి మల్లెమొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోసాగాయి. బావినీళ్ళతో వండిన అన్నం గొంతు దిగేది కాదు. షెడ్డు మొదలాళికి, అదే యజమానికి, చెప్పి పంపితే, తన షెడ్డు ఆంధ్రాలో ఉందనీ, మద్రాసు కోర్టు తననేమీ చేయలేదనీ జవాబు వచ్చింది. పైగా మా బావ ఆ షెడ్డులోనే రంగు తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఆ కూలితోనే మా అక్క ఇల్లు గడిచేది.

ప్లీడరయ్య కాపురం తిరుత్తణిలో, వకాల్తా తిరువళ్ళూరులో. రోజూ రైల్లో తిరిగేవారు. నేను వెళ్ళి మొర పెట్టుకుంటే ఆయన ముందుగా చట్టం మాట ఎత్తలేదు. కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, ఎరుపు ముందు వచ్చిందా నీలమా అని అడిగారు. మొగ్గ కాడనుంచి వాడుతుందా, కొసనుంచా అన్నారు. నాకు తెలియదన్నాను. "మంచిదమ్మా. నాకూ తెలీదు. పోయి చూస్తాం" అన్నారు.

మరుసటి ఆదివారం పంచె ఎగగట్టి మా పొలం నుంచి షెడ్డు దాకా కాలువ వెంటే నడిచారు. నేను వెనకాలే నడిచాను. ఒకచోట రెల్లు పచ్చగా ఉంటే, ఇక్కడెందుకు బతికిందని కూర్చుండిపోయారు. వంగి మట్టి వాసన చూశారు. దారిలో మేకలు తోలుకుపోయే మనిషిని ఆపి, మేకలు ఈ నీళ్ళు తాగుతాయా అని అడిగారు. తాగవని, తనే వాటిని అటు పోనివ్వనని ఆ మనిషి చెప్పాడు. పొలిమేర రాయి దగ్గర నిలబడి, అటు ఇటు చూసి నవ్వుకుంటూ, "ఈ రాయి మనుషులకే కనపడతాదమ్మా, నీళ్ళకు కనపడదు. నష్టం యాడ జరిగినాదో ఆడ కేసు. నీ బాయి ఈ పక్కనుండాది, కోర్టూ ఈ పక్కదే" అన్నారు.

తిరువళ్ళూరు మునసబు కోర్టులో ఎదుటి వకీలు షెడ్డు వేరే రాష్ట్రంలో ఉందన్న మాటే పట్టుకుని చాలాసేపు వాదించాడు. నష్టపడిన భూమి ఇక్కడిదే గనుక విచారణ ఇక్కడేనని మునసబుగారు తేల్చారు. అయితే ఆ రంగు ఆ షెడ్డుదేనని రుజువు కావాలి. అది చెప్పగలిగినవాడు మా బావ.

ప్లీడరయ్య మా అక్క ఇంటికి వచ్చారు. సాక్ష్యం ఊసే ఎత్తకుండా, ఏ రంగుకు ఏ ఉప్పు వేస్తారు, నూలు ఎంతసేపు నానాలి, చేతులకంటిన రంగు దేనితో పోతుంది అని చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నారు. మా బావ అంత ఇష్టంగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. చివరికి తనే అడిగాడు.

"నేనొచ్చి చెప్తే నా పని పోతాదా అయ్యా?"

ప్లీడరయ్య దాచలేదు. "పోవచ్చునప్పా. పోదని చెప్పి నిన్ను పిలవలేను" అన్నారు.

మా అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో నాకు తెలియదు. వాయిదా నాడు మా బావ వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాడు. మర్నాడే పనిలోంచి తీసేశారు. మా అక్క నాతో మాట్లాడటం మానేసింది.

తీర్పు రాకముందే కథ మలుపు తిరిగింది. దానికి కారణం వాదన కాదు, ఒక ప్రశ్న. కోర్టు బయట టీ కొట్టు దగ్గర మొదలాళి కనిపిస్తే ప్లీడరయ్య వెళ్ళి పక్కన నిలబడి, "మీ షెడ్డు బాయి రంగునీళ్ళ గుంటకు ఎగువనా, దిగువనా?" అని అడిగారు. మొదలాళికి చిరాకేసింది. కానీ జవాబు తెలియలేదు. ఎందుకడుగుతున్నారన్నాడు. ఊరికే, తెలుసుకుందామని, అన్నారు ప్లీడరయ్య. ఆ మాట నిజమేనని నేను నమ్ముతాను. ఆ సాయంత్రం మొదలాళి తన బావినీళ్ళు గాజుగ్లాసులో పట్టించి వెలుతురుకు పెట్టి చూశాడట. అడుగున సన్నటి ఎర్రజీర. ఆ నీళ్ళే పనివాళ్ళు తాగుతున్నారు, పక్కనే కాపురమున్న ఆయన పిల్లలూ తాగుతున్నారు.

రాజీకి మొదలాళే కబురు చేశాడు. రంగునీళ్ళు కాలువలో వదలకుండా, దూరంగా గచ్చు తొట్టి కట్టి ఎండబెట్టాలన్నది మొదటి షరతు. మా బావను తిరిగి పనిలో పెట్టుకోవాలన్నది రెండోది. షెడ్డు మూయించమని నేను పట్టుబట్టాను. "మూస్తే వీళ్ళంతా యాడికి పోతారమ్మా? మనకు కావాల్సింది నీళ్ళు గదా" అన్నారాయన. ఆ రోజు నాకు కోపమే వచ్చింది. మా అక్క మళ్ళీ మా గడప తొక్కినప్పుడు ఆ కోపం పోయింది.

అంతా బాగైందని చెప్పను. బావి తేరుకుంది, మల్లె మళ్ళీ పూసింది. కాలువ ఒడ్డునున్న మడి మాత్రం ఇప్పటికీ పండదు. ఎక్కడ కనిపించినా ప్లీడరయ్య దాని సంగతే అడిగేవారు. మొన్న వేసవిలో ఏం విత్తావు, ఎన్నాళ్ళకు ఎండింది అని. "తెలుసుకోకముందే కోపం తెచ్చుకుంటే, కోపం ఒకటే మిగులుతాదమ్మా" అనేవారు.

ఈ ఏడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత ఒకసారి ఆ ఊరికి వెళ్ళాను. ఆయన్ను చూడటం అదే కడసారి. ఏదో ఆఫీసు ముందు ఒక పెయింటరు నిచ్చెన వేసుకుని, బోర్డు మీద తెలుగు అక్షరాలు చెరిపి అరవం రాస్తున్నాడు. ప్లీడరయ్య గొడుగు చంకలో పెట్టుకుని ఎండలో నిలబడి, తల పైకెత్తి అతన్నేదో అడుగుతున్నారు. పెయింటరు కుంచె ఆపి, నిచ్చెన మీదినుంచి వంగి, చేతిలోని రంగు డబ్బా ఆయనకు కనపడేలా వంచి చూపిస్తున్నాడు. నా బస్సు కదిలింది. బోర్డు మీద సగం రాసిన పేరు కింద, ఇద్దరూ ఆ డబ్బాలోకే చూస్తూ ఉన్నారు.