వేయించుకోని సూదులు

బుల్లమ్మ తలమీద ఎండుచేపల గంప లేకుండా నడవడం భోగాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ చూసి ఎరగరు. అలాంటి మనిషి పందొమ్మిదివందల అరవయ్యారు వేసవిలో ముద్ద దిగక, తిన్నది తిన్నట్టే కక్కుకుంటూ సగానికి సగం అయిపోయింది. మొగుడు ఎల్లాజీ చేపలవేట మానుకుని ఆమెను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. కడుపులో కేన్సరు అన్నారు. కోసి, పొట్టసంచీలో ముప్పాతిక భాగం తీసేశారు.

పక్కమంచం తాయారుది. చీపురుపల్లి దగ్గర రైతు గణపతిరావు భార్య. అదే జబ్బు, అదే వారంలో అదే కోత. తాయారు నాలుగేళ్లు పెద్దది కాబట్టి బుల్లమ్మ ఆమెను "అప్పా" అనేది. ఇద్దరికీ కుట్లు విప్పాక డాక్టరు నరసింగరావుగారు వచ్చి మంచాల మధ్య నిలబడ్డారు.

"కంటికి కనిపించినదంతా తీసేశాం. కనిపించనిది ఎక్కడైనా మిగిలిందేమో తెలీదు. దానికోసం కొత్త మందొకటి ఉంది. నెలకి ఐదు రోజుల చొప్పున ఎనిమిది నెలలు నరానికి ఎక్కించాలి. బాగా కష్టపెడుతుంది."

"ఏయించుకుంటే బతుకుతామేటి బాబూ?" అంది బుల్లమ్మ.

"బతుకుతారనే ఆశతోనే వేస్తున్నామమ్మా" అన్నారాయన.

మొదటి నెలకే నోరంతా పుళ్లు పడ్డాయి. ఉప్పులో బతికిన మనిషికి ఉప్పురవ్వ నాలుకకి తగిలితే ప్రాణం లేచిపోయేది. రెండో నెలకి సూది గుచ్చిన నరం నల్లబడి తాడులా బిగుసుకుంది. అన్నిటికంటే ఘోరం, చేపల వాసన పడకపోవడం. ఇంటిముందు ఇసకలో ఆరబోసిన చేపలు, చూరుకి వేలాడే వల, మొగుడి ఒళ్లు, ఊరు ఊరంతా అదే వాసన. ఎక్కడికని పారిపోతుంది? ఎల్లాజీ వేటనుంచి వచ్చి కుంకుడుకాయలతో ఒళ్లు రుద్దుకునేవాడు. అయినా గుమ్మం దాటే ధైర్యం చేసేవాడు కాదు. గంజిగిన్నె లోపలికి తోసి, తను బయటే చతికిలపడేవాడు.

మూడో నెల సూదులప్పుడు ఇద్దరూ మళ్లీ ఆసుపత్రిలో కలిశారు. తాయారు తలమీద జుట్టు పలచబడిపోయింది. "మానేస్తానంటే మా ఆయన ఒప్పడం లేదే బుల్లమ్మా. ఎనిమిదీ అవ్వాల్సిందేనంతన్నాడు" అని కళ్లు తుడుచుకుంది.

బుల్లమ్మ మాత్రం ఇంటికొస్తూనే చెప్పేసింది. "ఇంక నాను రాను మావా. సత్తే ఆ జబ్బుతోటే సత్తాను."

ఎల్లాజీ బతిమాలాడు, తిట్టాడు, ఆఖరికి ఏడ్చాడు. ఆమె కదలలేదు.

ఇవాళో రేపో అనుకుంటూ చావుకోసం చూసింది. చావు రాలేదు. వాసన మెల్లగా భరించగలిగినంతకి వచ్చాక సగం బరువుతో గంప ఎత్తింది. ఒక్కసారి నాలుగు ముద్దలు మించి తింటే ఒళ్లంతా చెమటలు పోసి, గుండె దడదడలాడి, ఎవరి అరుగుమీదో పడుకోవాల్సి వచ్చేది. అందుకని చిన్న డబ్బాలో అంబలి కట్టుకుని రోజుకి ఏడుసార్లు గుక్కెడు గుక్కెడు తాగేది. ఎప్పుడు కడుపు కలుక్కుమన్నా 'అదే తిరగబెట్టిందేమో' అనిపించేది.

అరవైతొమ్మిదిలో పరీక్షకు రమ్మని ఆసుపత్రినుంచి కార్డు వచ్చింది. తిడతారని భయపడుతూ వెళ్లింది. నరసింగరావుగారు పొట్ట నొక్కి చూశారు, ఎక్స్‌రే ఫోటో తీయించారు. జబ్బు జాడ లేదన్నారు.

"మరి తాయారప్పో బాబూ?"

ఆయన కాగితాలు తిరగేశారు. "ఎనిమిది నెలలూ వేయించుకుంది. మరుసటేడు కాలేయానికి పాకింది. పోయిందమ్మా."

"అదేటి? ఏయించుకున్నమ్మ పోయి, పారొచ్చిన నాను ఉండడమేటి?"

"తెలీదు. ఇద్దరిని చూసి మందు మంచిదనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. వందలమందిని ఏళ్ల తరబడి చూడాలి."

బుల్లమ్మకి ఆ మాట ఎక్కలేదు. తాయారప్ప ఎలా పోయిందో ఆమె మొగుణ్ణే అడుగుదామని వారం తిరక్కుండా రైలెక్కి చీపురుపల్లిలో దిగి, గణపతిరావు ఊరు అడుగుతూ నడిచింది. అతను ఆమెను గుర్తుపట్టి, లోపలికి రమ్మని అన్నం పెట్టించాడు. నాలుగు ముద్దలు తిని ఆమె ఆకు పక్కకి జరపగానే మొహం తిప్పుకున్నాడు.

"మా తాయారూ అంతే తినేది" అన్నాడు. మళ్లీ తనే, "మానేస్తానని నా కాళ్లట్టుకున్నాదమ్మా. నాను ఇన్లేదు. ఆకరి సూదులకి నిలబడ్డానికి ఓపిక లేకపోతే ఎత్తుకుని తీసుకెళ్లాను. ఉన్న నాలుగు రోజులూ దాన్ని ఏడిపించి సంపేసేనేటో. నువ్వు మొత్తం ఏయించుకున్నావు కదూ?"

బుల్లమ్మ తాయారుని ఎత్తుకెళ్లిన ఆ చేతులకేసి చూసింది.

"ఎనిమిదీ ఏయించుకున్నాను బాబూ" అంది.

గణపతిరావు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "అయితే నాను సేసింది తప్పు కాదు" అన్నాడు, ఆమెతో కాదు, తనలో తనే.

మర్నాడు ఇంటికొచ్చి ఎల్లాజీకి జరిగింది చెప్పింది.

"అబద్ధం ఆడేవేటే?"

"నిజం సెప్తే ఆ మడిసి ఏటైపోతాడు?"

ఆ సాయంత్రం బుల్లమ్మ అంబలి ముట్టలేదు. జబ్బు తిరగబెట్టిందేమోనని ఎల్లాజీ గాభరాపడి దగ్గరకొచ్చి ఆమె కడుపుమీద చెయ్యేశాడు. "ఏటీ నొప్పి లేదు మావా" అంది బుల్లమ్మ. అతను నమ్మలేదు. చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాడు.