పస్తుండి ఆక్సిజన్ చాంబర్‌లోకి వెళ్లాను

ఆ రోజు పొద్దున గ్రౌండ్‌కి వెళ్దామని సాక్సు తొడుక్కుంటుంటే, ఎడమ పాదం చిటికెన వేలు నాదో కాదో తెలియలేదు. గిల్లి చూసుకున్నాను. గిల్లిన చేతికి తెలుస్తోంది గానీ వేలికి తెలియడం లేదు. దాని పక్క వేలూ అంతే. రెండూ నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి.

దానికి రెండు రోజుల ముందు తార్నాక చౌరస్తాలో వంటావార్పు చేశాం. తెలంగాణ ఉద్యమం రోజులు చూడని చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే వరసగా కూర్చుని తినడం మా నిరసన. యూనివర్సిటీ క్యాంపస్ లేడీస్ హాస్టల్ నుంచి మేమంతా కదిలాం. నేనప్పుడు బీపీఎడ్ చదువుతున్నాను, అంటే వ్యాయామ టీచర్ల చదువు. నాలుగు వందల మీటర్ల పరుగులో మా కాలేజీలో నాకు ఎదురు లేదు. ఒంట్లో బలం ఉందని బరువు పనులన్నీ నాకే అప్పగించేవారు, నేనూ ఎగబడి చేసేదాన్ని.

మా ఊళ్లో మట్టి నేల మీద మూడు రాళ్లు పెడితే పొయ్యి కదలమన్నా కదలదు. తారు రోడ్డు మీద ఆ లెక్క పనికిరాదని మాలో ఒక్కరికీ తట్టలేదు. గంజి వంచుదామని గిన్నె పట్టుకోగానే కింది రాయి జారింది. గిన్నె బరువుతో సహా ఆ రాయి నా పాదం మీదికి దొర్లింది, దాని మీద సలసల కాగే గంజి పడింది. ఎవరో నీళ్లు పోశారు, ఎవరో టూత్‌పేస్ట్ పూశారు. నేను పళ్లు బిగబట్టి నవ్వాను, అందరితో పాటు కూర్చుని తిన్నాను, కుంటుకుంటూ హాస్టల్‌కి వచ్చాను. నొప్పిని మొహంలో కనబడనిస్తే నేను సంధ్యను ఎలా అవుతాను? అంత పొగరు నాది.

మూడో రోజు ఆ వేళ్లు చూసి మా రూమ్మేట్ భాగ్య కెవ్వుమంది.

"ఏందే గిది? గింత నల్లగైతే దవాఖానకు పోకుండ కూసున్నవా?"

"తగ్గుతది తియ్యి."

"తగ్గుడు గాదు, ఊడుతది. లే, పోదాం పా."

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. పాదంలో రెండు ఎముకలు చిట్లాయన్నారు. తర్వాత డాప్లర్ అని రక్తప్రసరణ చూసే పరీక్ష చేశారు. సర్జన్ సార్ పెద్దాయన, మాటలు తక్కువ. గాయం మీద ఎండిపోయిన పేస్ట్ చూసి, "ఇది పళ్లకమ్మా" అన్నారు. నర్సు దాన్ని శుభ్రం చేస్తుంటే మెల్లగా విషయం చెప్పారు. "క్రష్ ఇంజురీ, దాని మీద బర్న్. బ్లడ్ సప్లై వీక్‌గా ఉంది. డెడ్ టిష్యూ తీసేస్తాను. ఆ రెండు వేళ్లూ నిలుస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేను."

"మళ్ల ఉరుకుతనా సార్?" అని అడిగాను.

"ముందు నడువు" అన్నారాయన.

సంవత్సరం చివర ప్రాక్టికల్స్ ఉంటాయి. ట్రాక్ మీద పరుగెత్తి చూపించకపోతే నా చదువుకు అర్థమే లేదు. ఊళ్లో మా నాయిన "మా బిడ్డ డ్రిల్లు టీచరైతది" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు. ఆ రాత్రి భాగ్య నిద్రపోయిందనుకుని ఏడ్చాను. అది నిద్రపోలేదట, తర్వాత చెప్పింది.

చచ్చిన కండ తీసేసే డిబ్రైడ్‌మెంట్ అయింది, యాంటీబయాటిక్స్ నడిచాయి, రోజూ డ్రెస్సింగ్. అయినా గాయం పూడటం లేదు. అంచులు నల్లగానే ఉన్నాయి. అప్పుడు సార్ హైపర్‌బారిక్ ఆక్సిజన్ మాట ఎత్తారు. "ప్రెషర్ పెంచిన చాంబర్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తావు. రక్తం సరిగా అందని టిష్యూకి కొంచెం ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది. ఇది మంత్రం కాదు, మిగతా ట్రీట్‌మెంట్‌తో పాటు ఇదొకటి. గ్యారంటీ ఇవ్వను." ఖర్చు సంగతి మా నాయినా, మా డిపార్ట్‌మెంట్ వాళ్లూ చూసుకున్నారు. దాని గురించి రాయబోవడం లేదు.

ఆ సెంటర్ తార్నాకలో ఒక లోపలి సందులో ఉండేది. ఒక గదిలో చాంబర్, పక్క గదిలో ఫిజియోథెరపీ. చాంబర్ చూసే టెక్నీషియన్ ఆంటోనీ అన్న వాళ్లది దగ్గర్లోని వారాసిగూడ. మొదటి రోజే నాకు రూల్స్ అప్పజెప్పాడు. వాళ్లిచ్చే కాటన్ బట్టలే వేసుకోవాలి. తలకు నూనె వద్దు, క్రీమ్ వద్దు, పిన్ను వద్దు, ఫోను వద్దు. లోపలంతా ఆక్సిజనే కాబట్టి చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే. "కడుపుల ఏమన్న ఏస్కొని రా చెల్లె. ఖాళీ కడుపుతోని మాత్రం రావద్దు" అన్నాడు. మా అమ్మ రోజూ ఫోన్ చేసి "తలకు నూనె వెట్టుకున్నవా బిడ్డా?" అని అడిగేది. పెట్టుకుంటే లోపలికి రానియ్యరంటే, అదేం దవాఖానో ఆమెకు అంతుపట్టేది కాదు.

చాంబర్ అంటే మనిషి పడుకునేంత పారదర్శకమైన గొట్టం. తలుపు బిగించగానే బుస్సుమని చప్పుడొస్తుంది, చెవులు దిబ్బడ వేస్తాయి, కాస్త వేడిగా ఉంటుంది. స్పీకర్‌లో ఆంటోనీ అన్న గొంతు వినిపించేది. "గుటకలు మింగు. లేకపోతే ముక్కు మూస్కొని మెల్లగ ఊదు." గంటన్నర అలా పడుకోవాలి. మొదటి రోజు భయంతో కళ్లు మూసుకుని, మనసులోనే ట్రాక్ చుట్టూ రౌండ్లు కొట్టాను. వారం తిరిగేసరికి హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాను. మిగతా ఒళ్లు బిగుసుకుపోకుండా పక్క గదిలో వరలక్ష్మి మేడం వ్యాయామాలు చేయించేది. వాళ్లది గోదావరి వైపు. వాళ్లాయన రైల్వేలో పని చేసేవాడు, ఎన్నో ఏళ్లుగా ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె నోరు విప్పగానే 'ఆంధ్రామె' అనుకున్నాను. ఆ రోజుల్లో నేను ఆ మాట అంటే అందులో కొంచెం కారం ఉండేదని ఒప్పుకుంటున్నాను. మా మధ్య మోకాళ్ల గురించీ నడుము గురించీ తప్ప వేరే మాట ఉండేది కాదు.

ఇంతలో సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి. భాగ్య ఎవరి స్కూటీయో అడిగి తెచ్చి నన్ను వెనక కూర్చోబెట్టుకునేది. దారిలో రాస్తారోకో చేసేదీ మావాళ్లే. "మన సంధ్యక్క, దవాఖానకు పోతున్నది, తొవ్వ ఇడువుండ్రి!" అని ఎవరో ఒకరు అరిచేవారు, గుంపు రెండుగా చీలి దారి ఇచ్చేది. ఆ దారిలో నుంచి పోతుంటే ఛాతీ పొంగేది. సెషన్లు సగానికి వచ్చాయి, గాయం అంచుల్లో కొంచెం ఎరుపు కనబడుతోంది.

అప్పుడు చేశాను నేను ఆ వెధవ పని.

క్యాంపస్‌లో రిలే నిరాహార దీక్షల టెంట్ ఉండేది. రోజుకొక బ్యాచ్ పొద్దున కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేచేది. దెబ్బ తగలకముందే నా పేరు రాయించుకున్నాను. నా వంతు వచ్చింది. భాగ్య వద్దంటే వద్దంది. "పేరు రాసిచ్చినంక తప్పుకుంటే ఇజ్జత్ ఏముంటది?" అని పోయి కూర్చున్నాను. మూడు గంటలకు డ్రెస్సింగ్ ఉందని టెంట్‌లో చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా సెంటర్‌కి వెళ్లాను.

"తిన్నవా చెల్లె?" ఆంటోనీ అన్న రోజూ అడిగే మాటే.

"తిన్నన్న."

"ఏం తిన్నవ్?"

"అన్నం, పప్పు, పచ్చిపులుసు." అబద్ధానికి పచ్చిపులుసు కూడా కలిపాను.

అరగంటకు ఒళ్లంతా చెమట పట్టింది. చేతులు వణికాయి, చూపు మసకబారింది. గొట్టాన్ని తట్టాను. "కండ్లు తిరుగుతున్నయ్ అన్నా" అన్నాను. తలుపు వెంటనే తీసెయ్యడానికి వీల్లేదు, ప్రెషర్ మెల్లమెల్లగా దించాలి. ఆ కొద్ది నిమిషాలు ఎంత పొడుగో నాకే తెలుసు. "ఊపిరి బిగబట్టకు, మామూలుగ తీస్కో" అంటున్నాడు అన్న. వరలక్ష్మి మేడం పరుగెత్తుకొచ్చి గొట్టం మీద అరచెయ్యి ఆనించి, నా మొహంలోకే చూస్తూ, నాకు తెలిసేలా ఊపిరి తీసి వదిలి చూపించింది. ఆమె ఎలా తీస్తే నేనూ అలా తీశాను.

బయటికి తీసి షుగర్ చూశారు. బాగా పడిపోయి ఉంది. గ్లూకోజ్ తాగించి, నేను లేచి కూర్చున్నాక మేడం అడిగింది.

"పొద్దున్నుంచి ఏం తిన్నావో ఇప్పుడు చెప్పు."

"ఏం తినలె మేడం. దీక్షల కూసున్న."

"మరి అడిగినప్పుడు అబద్ధం ఎందుకు చెప్పావమ్మా?"

దాచి లాభం లేదు. "మీరు ఆంధ్రోళ్లు. తెలంగాణ కోసం పస్తున్నంటే ఏమంటరో అని."

ఆమె మొహం చిన్నబోయింది. "రాష్ట్రం కావాలంటే తెచ్చుకో. నేను అడ్డం పడతానా? కానీ నీ ప్రాణం మీదికొస్తే ఈ గొట్టం బయట నిలబడాల్సింది నేనూ, ఆంటోనీనూ. మాకైనా నిజం చెప్పొద్దా?"

ఆంటోనీ అన్న అటు తిరిగి గేజ్ తుడుస్తూ, "అన్న అంటవ్, అన్నకే అబద్ధం జెప్తవా?" అన్నాడు. గాయం శుభ్రం చేసినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

సర్జన్ సార్ సెషన్లు ఆపేయించారు. "గాయం పూడాలంటే ప్రొటీన్ కావాలి. నువ్వు పస్తుంటే అదీ పస్తుంటుంది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చూసి చెబుతాను." ఆ నాలుగైదు రోజులూ డ్రెస్సింగ్ విప్పినప్పుడల్లా వేళ్ల వైపు చూడటానికి భయమేసేది. నా పరుగు నా చేతులారా పోగొట్టుకున్నాననుకున్నాను.

చంకకర్రలతో టెంట్‌కి వెళ్లి, అందరి ముందూ జరిగింది చెప్పాను. మళ్లీ నా పేరు రాయొద్దన్నాను. నవ్వుతారనుకున్నాను. టెంట్ చూసుకునే సీనియర్ అన్న తల దించుకుని, "నీ పేరు మేమే కొట్టెయ్యాలె. మాకు సోయి లేకపాయె" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భాగ్య ఒక స్టీలు డబ్బా తెచ్చింది. నిండా ఉడికిన కోడిగుడ్లు. హాస్టల్ మెస్‌లో ఆ రోజు గుడ్డు కూర. దీక్షలో కూర్చున్న అమ్మాయిలు ఎలాగూ తినరు కదా, తమ వంతు గుడ్లు నాకు పంపారు. ఆ తర్వాత మెస్‌లో గుడ్డు ఉన్న ప్రతి రోజూ అంతే. వాళ్లు అక్కడ ఆకలితో కూర్చుని ఉంటే నేను ఇక్కడ వాళ్ల గుడ్లు తినేదాన్ని. మొదటి రోజు గుడ్డు చేతిలోకి తీసుకుని మళ్లీ డబ్బాలోనే పెట్టేశాను. "తిను. తినకపోతే టెంట్‌ల జెప్త" అని భాగ్య బెదిరించింది. నా బతుకులో నేను గర్వంగా చెప్పుకునే విషయాల్లో ఆ గుడ్లు ముందుంటాయి.

సెషన్లు మళ్లీ మొదలై పూర్తయ్యాయి. గాయం ఎర్రబడింది. తొడ నుంచి చర్మం తీసి గ్రాఫ్ట్ వేశారు, అది పట్టింది. చిటికెన వేలు కొస మాత్రం తీసేయక తప్పలేదు. "రెండింటిలో ఒకటిన్నర దక్కాయి" అన్నారు సర్జన్ సార్. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎముకలు అతుక్కున్నాక అసలు పని మేడం చేతిలో పడింది. నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవాలి. గోలీలను వేళ్లతో ఎత్తి గిన్నెలో వెయ్యాలి. ఒంటికాలి మీద నిలబడాలి, ఊగే పలక మీద నిలబడాలి. "అయిపాయె మేడం" అంటే "ఇంకో పది" అనేది. ఆ తర్వాత క్యాంపస్‌లో లాంగ్‌జంప్ ఇసుకలో ఉత్త కాళ్లతో నడక, ఆపైన మెల్లగా జాగింగ్. ప్రతి మెట్టుకూ వారాలు పట్టాయి. తొందరపడినప్పుడల్లా పాదం వాచి బుద్ధి చెప్పింది.

ప్రాక్టికల్స్ రోజు ఎనిమిది మందిమి లైన్లో నిలబడ్డాం. ఉద్యమం మొదలయ్యాక క్యాంపస్‌లో అడుగు పెట్టడానికే జంకిన వరలక్ష్మి మేడం, భాగ్య చెయ్యి పట్టుకుని ట్రాక్ పక్కకు వచ్చి నిలబడింది. నేను ఆరోదాన్నిగా వచ్చాను. ఎప్పుడూ మొదట వచ్చే నేను ఆరో స్థానానికి అంత సంబరపడతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే కొట్టేదాన్ని. చివరి మలుపులో "వేళ్లు నొక్కు, వేళ్లూ!" అన్న మేడం కేక మా ప్రొఫెసర్ల ఈలల కన్నా గట్టిగా వినిపించింది. గీత దాటగానే ఆమె నన్ను మెచ్చుకోలేదు. గడ్డిలో కూర్చుని నా షూ విప్పి, గ్రాఫ్ట్ చుట్టూ నొక్కి చూసి, "బాగానే ఉందే పిల్లా" అని కళ్లు తుడుచుకుంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మౌలాలి వైపు ఒక సర్కారు బడిలో డ్రిల్లు టీచర్‌ని. చలికాలంలో పాదం కాస్త పట్టేస్తుంది, అంతే. ఈమధ్య ఆక్సిజన్ చాంబర్‌లో పడుకుంటే అలసట పోతుందనీ, మొహం మెరుస్తుందనీ ప్రకటనలు చూస్తున్నాను. నా పాదానికి అది మేలు చేసిందనే నా నమ్మకం, కానీ ఎవరికి అవసరమో డాక్టరే తేల్చాలి. మామూలు అలసటకు నేను వాడే మందు వేళకు తిండి, వేళకు నిద్ర, పొద్దున క్యాంపస్ రోడ్ల మీద నడక.

చదువుతున్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. మీకు వైద్యం చేసేవాళ్లు ఏం తిన్నారు, ఏం పూశారు, ఏ మందు మానేశారు అని అడిగితే, పరువు గురించి ఆలోచించకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా బడి పిల్లలు గ్రౌండ్‌లోకి వచ్చేముందు నేనూ అదే అడుగుతాను. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల తల దించుకుంటే తిట్టను. ఒక పిల్ల మొన్న చాలాసేపు నసిగి, "తినలె టీచర్, ఇంట్ల ఏం లేకుండె" అంది. నిజం చెప్పినందుకు దాని భుజం తట్టి, నా డబ్బా విప్పి ముందు పెట్టాను.