రెండేళ్ల డిగ్రీ, పందొమ్మిదేళ్ల ఎల్డన్

ఎల్డన్ క్రౌపా రెండేళ్ల డిగ్రీని పందొమ్మిదేళ్లుగా చదువుతున్నాడు. ఫెయిలయ్యాడా అంటే ఒక్కసారీ లేదు. మధ్యలో మానేశాడా అంటే ఒక్క టర్మూ లేదు. చదువుతూనే ఉన్నాడు, మంచి మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నాడు, డిగ్రీ మాత్రం రాలేదు. మొదటి రోజు ఆయన పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడు ఇప్పుడు అదే ప్లమ్ క్రీక్ కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు, నెత్తి మీద జుట్టు కూడా సగం పోయింది. ఎల్డన్ గారికి డెబ్బై ఒకటి. సంచీ భుజాన వేసుకుని ఇంకా క్లాసుకు పోతూనే ఉన్నాడు.

ఆ కాలేజీలో డార్సీ నీల్సన్ సలహాదారు. ఎవరికి ఏ క్లాసులు అయ్యాయో, ఏవి మిగిలాయో చూసి అందరినీ గట్టున పడెయ్యడం ఆమె పని. జనరల్ స్టడీస్ డిగ్రీకి ఏమేం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. మొత్తం అరవై క్రెడిట్లు. అందులో ఇంగ్లీషు రచన రెండు క్లాసులు, లెక్కలు ఒకటి, ప్రయోగశాల ఉన్న సైన్సు ఒకటి, చరిత్రా సమాజం లాంటివి రెండు, కళలూ సాహిత్యం రెండు, నలుగురి ముందు నిలబడి మాట్లాడే ఉపన్యాసం క్లాసు ఒకటి. మిగతావి ఎవరికి నచ్చినవి వాళ్లు చదువుకోవచ్చు. ఇంతకన్నా తేలికైన డిగ్రీ ఆ కాలేజీలో లేదు.

ఎల్డన్ గారికి నూట ఎనభై ఏడు క్రెడిట్లు ఉన్నాయి. మూడు డిగ్రీలకు సరిపోగా ఇంకా మిగులుతాయి. లేనిదల్లా ఆ ఉపన్యాసం ఒక్కటే.

అలాగని ఆయన దాని జోలికి పోలేదా అంటే, ప్రతి టర్ముకూ అందరికన్నా ముందు చేరేది ఆయనే. నవంబరులో పేర్లు రాసుకోవడం మొదలైన రోజు తలుపు తీయకముందే వచ్చి నిలబడతాడు. డార్సీ ఉపన్యాసం క్లాసులో పేరు రాస్తుంది. జనవరిలో క్లాసులు మొదలయ్యే ముందు శుక్రవారం, పదకొండున్నరకల్లా గసగసాలు నింపిన కొలాచీ రొట్టెలు ఓ డబ్బా నిండా పట్టుకుని మళ్లీ వస్తాడు. ఇంకేమైనా క్లాసు ఉందా అంటాడు. ఏది చెప్పినా ఒకటే ప్రశ్న, అందులో ఎంతమంది ఉన్నారని. ఆయనకు గుంపంటే గిట్టదేమోనని డార్సీ అనుకునేది. మొత్తానికి ఏదో ఒక దిక్కుమాలిన క్లాసులో చేరిపోతాడు. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఉపన్యాసం లోంచి పేరు తీయించుకుంటాడు. దిక్కుమాలినది మాత్రం చివరిదాకా చదువుతాడు.

అట్లా ఆయన చదవనిది లేదు. పసిపిల్లల సంరక్షణలో చేరాడు. పందొమ్మిదేళ్ల ఆడపిల్లల మధ్య ఒక్కడే మగాడు, పైగా తాత. రబ్బరు బొమ్మకు గుడ్డ చుట్టమంటే అందరికన్నా బిగుతుగా చుట్టి, టర్మంతా దానికి గాబ్రియేలా అని పేరు పెట్టి పిలిచాడు. వెల్డింగు చదివి వాళ్ల చర్చికి గేటు చేసి ఇచ్చాడు, అది ఇప్పటికీ లోపలికి తప్ప బయటికి తెరుచుకోదు. తేనెటీగలు పెంచాడు, బాసూన్ ఊదాడు. చుట్టుపక్కల కుక్కలు ఆ టర్మంతా బాధపడ్డాయి. బాలే నాట్యంలో కూడా చేరాడు. బిగుతు లాగు మీద ధాన్యం కంపెనీ టోపీ పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడిన ఆయన ఫొటో కళల విభాగం గోడ మీద చాలాకాలం ఉంది.

ఊళ్లో తలో మాటా అనేవాళ్లు. నలుగురి ముందు నోరు విప్పాలంటే వణుకని కొందరు, క్యాంటీన్‌లో చెర్రీ పళ్ల తీపి రొట్టె కోసం వస్తాడని కొందరు. ఆయన్ని అడిగితే, "అవుతుందిలే, తొందరేముంది" అనేవాడు. ధాన్యం గిడ్డంగిలో నలభై ఏళ్లు లారీలు తూచిన మనిషి. కోతల కాలంలో మైలు పొడుగున లారీలు నిలబడినా అదే మాట అనేవాడట.

డార్సీకి తల ప్రాణం తోకకొచ్చేది. ఎందుకంటే ఆ డిగ్రీ ఆయనకు అక్కర్లేనిదేం కాదు. తండ్రి కాలు యంత్రంలో పడినప్పుడు పదో తరగతిలో బడి మానేశాడు. యాభై దాటాక పరీక్ష రాసి ఆ లోటు పూడ్చుకుని కాలేజీలో చేరాడు. క్రౌపాల ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాడు ఇంతవరకూ లేడు. ఒక్క కాగితం ఉంటే బాగుండునమ్మాయీ అని ఓసారి ఆయనే అన్నాడు, అంటూ కిటికీ బయటికి చూశాడు.

ఈ ఏడాది పైనుంచి కొత్త నియమం వచ్చిపడింది. నూట ఇరవై క్రెడిట్లు దాటినవాళ్లు మే నెలలోగా డిగ్రీ పూర్తి చెయ్యాలి. లేకపోతే ఇక చేర్చుకోరు. ఆ నియమం దెబ్బ తగిలేది కాలేజీ మొత్తంలో ఒక్క మనిషికే. పందొమ్మిదేళ్లు చదివి ఉత్త చేతులతో ఇంటికి పోవడం ఏమిటి?

డార్సీ ఆయన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఈసారి ఉపన్యాసం వదిలారంటే ఇక అంతే సంగతులంది. ఆయన అన్నీ విని బుద్ధిగా తలూపాడు. శుక్రవారం వచ్చి కొలాచీలు పెట్టి, పర్వతారోహణ ముడులు నేర్పే క్లాసులో చేరాడు. చుట్టూ మూడొందల మైళ్లలో కొండ లేదు. డార్సీ ఆ పేరూ రాసింది. ఉపన్యాసం ఉంటే చాలు, ముడులు వేసుకుంటే వేసుకోనీ అనుకుంది.

మొదటి వారం గురువారం నాడు యెసేనియా అనే అమ్మాయి డార్సీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. మాంసం ఫ్యాక్టరీలో పని చేస్తూ ఐదేళ్లుగా చదువుతోంది. బడి ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు, ఆగస్టుకల్లా డిగ్రీ చూపించాలి. మిగిలింది ఉపన్యాసమే. క్లాసు నిండిపోయింది, వేచి ఉన్నవాళ్లలో తన పేరే మొదటిది, అయినా ఒక్కరూ కదలడం లేదు. ఎల్డన్ గారు తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ముడులు వేసుకుంటున్నాడు. డార్సీ ఆ పిల్లను ఓదార్చి పంపి తలెత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, తాడు మాత్రం ఉంది.

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు తెరిస్తే క్రౌపా పేరు ఉపన్యాసం లోంచి పోయింది. ఆ చోట్లో యెసేనియా పేరు ఉంది.

డార్సీకి కడుపు మండింది. ఈసారి ఆయన్ని ఊరికే వదలకూడదనుకుంది. పందొమ్మిదేళ్ల పద్దు మొహాన పెట్టి కడిగెయ్యాలని ఆయన చదివిన క్లాసులన్నీ, ఒక్కోదానిలో చేరినవాళ్ల జాబితాతో సహా అచ్చు తీసింది. తీసి, చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

తేనెటీగల క్లాసులో పదిమంది. పసిపిల్లల సంరక్షణలో పదిమంది. బాసూన్‌లో పది, వెల్డింగులో పది, ముడుల క్లాసులో పది. ప్రతి జాబితాలోనూ చిట్టచివరి పేరు ఎల్డన్ క్రౌపా. చేరిన సమయం, శుక్రవారం పదకొండు నలభై.

ఆ కాలేజీలో పని చేసేవాళ్లకు ఆ శుక్రవారం సంగతి వేరే చెప్పక్కర్లేదు. క్లాసులు మొదలయ్యే ముందు శుక్రవారం, సరిగ్గా పన్నెండింటికి, పదిమంది చేరని ప్రతి క్లాసునూ డీన్ కొట్టేస్తాడు. తొమ్మిదిమంది ఉన్నా సరే కొట్టేస్తాడు. ఆ తొమ్మిదిమందీ, డిగ్రీకి ఆ ఒక్కటే కావాల్సినవాళ్లయినా, ఇంకో ఏడాది ఆగాల్సిందే.

తర్వాత ఉపన్యాసం వదిలిన తేదీలు చూసింది. ఆయన వదిలిన ప్రతిసారీ, అదే రోజు, వేచి ఉన్న ఒకరికి చోటు దొరికింది. పందొమ్మిదేళ్లలో ముప్పై ఏడుమంది.

ఒక్క బాలే జాబితాలో మాత్రం పదకొండుమంది ఉన్నారు. లెక్క తప్పిందేమోనని డార్సీ రెండుసార్లు ఎంచి చూసింది.

సోమవారం ఆయన తాడు కోసం వచ్చాడు. డార్సీ కాగితాలు ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, తప్పు చేసి దొరికిపోయినవాడిలా టోపీ తీశాడు.

"ఎందుకు చెప్పలేదు క్రౌపా గారూ?"

"చెబితే అది ఉపన్యాసం అయిపోతుంది కదమ్మాయీ."

డార్సీకి నవ్వు రాలేదు. ఆయన అసలు సంగతి చెప్పాడు. చేరిన మొదటి టర్ములో ఇంగ్లీషు రచనలో తొమ్మిదిమందే ఉన్నారు. యాభై రెండేళ్ల వయసులో ధైర్యం కూడగట్టుకుని వచ్చాడు, ఆ రోజు వెనక్కి పంపితే మళ్లీ వచ్చేవాడు కాదు. గ్రంథాలయంలో పని చేసే ఒకావిడ, రెండు పెద్ద డిగ్రీలున్న మనిషి, పన్నెండుకు పది నిమిషాలుందనగా వచ్చి పదో పేరు రాసింది. టర్మంతా కూర్చుని, తెలిసిన పాఠాలే విని, వ్యాసాలు రాసింది.

"ఆవిడకి బీ గ్రేడు ఇచ్చారు. నాకు ఏ వచ్చింది" అన్నాడు, ఇప్పటికీ ఆవిడ తరపున నొచ్చుకుంటూ.

"మరి బాలేలో పదకొండుమంది ఉన్నారే?"

"నా తర్వాత ఇంకో పిల్ల చేరింది. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ అప్పటికే లాగు కొనేశాను. నిజం చెప్పాలంటే, నచ్చింది కూడా."

డార్సీ లేచి డీన్ దగ్గరికి పోయింది. ఉపన్యాసానికి రెండో క్లాసు తెరవమంది. వేచి ఉన్నవాళ్లు ఇంకా ఆరుగురున్నారు, ఎల్డన్ గారితో ఏడు అని లెక్క చెప్పింది. డీన్ చెడ్డవాడేం కాదు, ఆయనకు అంకెలు కావాలంతే. పదిమందిని తీసుకురా, ఈ శుక్రవారం పన్నెండు లోపల అన్నాడు.

డార్సీ వారమంతా ఫోను కింద పెట్టలేదు. వెల్డింగు మాస్టారు ఎనిమిదో వాడుగా చేరాడు, గేటు విషయంలో తనకూ పాపం ఉందంటూ. కాలేజీ తోటమాలి తొమ్మిది. శుక్రవారం పదకొండు నలభై ఐదయింది. తొమ్మిదే. ఎల్డన్ గారు ఎప్పటిలా కొలాచీల డబ్బాతో వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. అవుతుందిలే అని కూడా అనలేదు.

డార్సీకి నలుగురి ముందు మాట్లాడటమంటే చచ్చే భయం. చెల్లెలి పెళ్లిలో రెండు మంచి మాటలు చెప్పమంటే మైకు పక్కవాళ్ల చేతిలో పెట్టి బాత్రూములోకి పరుగెత్తిన మనిషి. అందరికీ సలహాలు చెబుతుంది గానీ ఒక్కొక్కరికే చెబుతుంది. పదకొండు యాభై రెండుకు, పళ్లు బిగబట్టి, పదో పేరు దగ్గర తన పేరే ఎక్కించింది.

క్లాసు చెప్పే ట్రాస్క్ గారు సన్నగా, పొడుగ్గా, చేతిలో గడియారంతో ఉంటాడు. చివరి పరీక్షకు ఆయన పద్ధతి ఒకటుంది. వినేవాళ్లను ఏదో ఒక పనికి ఒప్పించేలా మాట్లాడాలి. ఐదు నిమిషాలకు తగ్గితే సున్నా. ఆ సున్నా పడితే క్లాసు పోయినట్టే, ఎల్డన్ గారికైతే డిగ్రీ పోయినట్టే. డార్సీ తన వంతు వచ్చినప్పుడు పళ్లు తోముకోవడం గురించి బల్ల పట్టుకుని మాట్లాడి, బతికి బయటపడింది.

ఎల్డన్ గారు ఆఖరున లేచాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నలభై సెకన్లు ఉలుకూ పలుకూ లేదు. డార్సీ గోళ్లు కొరుక్కుంటోంది.

"తూకం దగ్గర నలభై ఏళ్లు కూర్చున్నాను" అన్నాడు చివరికి. "అక్కడ రెండే మాటలు. ఎక్కించు, దించు. ఐదు నిమిషాలంటే నాకు రెండేళ్ల మాటలు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆయనకు కాస్త ఊపిరి అందింది. మట్టి గురించి మొదలుపెట్టాడు. ఆరేళ్ల కిందట తాను చదివిన క్లాసు అది. మన కాళ్ల కింద ఉన్నదాన్ని పుట్టిన దగ్గర్నుంచీ తొక్కుతున్నాం గానీ, నీ పేరేమిటని ఎప్పుడైనా అడిగామా అన్నాడు. చిటికెడు నోట్లో వేసుకుని నమిలితే ఇసుక ఎంతో, బంక ఎంతో తెలుస్తుందన్నాడు. తాను నమిలాననీ, ఉత్తరం వైపు పొలాలది బాగుంటుందనీ, దక్షిణం వైపుది ఎవరికీ చెప్పననీ అన్నాడు. ఐదు నిమిషాలయింది, ఏడయింది, పదకొండయింది. ట్రాస్క్ గారు గడియారం చూడటం మానేశాడు.

అప్పుడు ఎల్డన్ గారు జేబులోంచి మడత కాగితం తీశాడు.

"ఆగస్టులో మొదలయ్యే మట్టి క్లాసులో నలుగురే ఉన్నారు. ఎప్పుడూ అయితే నేను చూసుకునేవాణ్ని. ఇది పాసయితే నాకు డిగ్రీ వచ్చేస్తుంది, ఆ శుక్రవారం నేనుండను. ఆ నలుగురూ ఎవరో నాకు తెలియదు. ఎక్కడినుంచో ధైర్యం చేసుకుని వచ్చుంటారు. ఇంకో ఆరుగురు కావాలి."

డార్సీ అందరికన్నా ముందు లేచింది. అంతకుముందు ఆమెకు మట్టితో ఏ సంబంధమూ లేదు, కుండీలో మొక్క పెడితే వారంలో చచ్చిపోతుంది. తోటమాలి లేచాడు. వెల్డింగు మాస్టారు లేచాడు. ఇంకో ఇద్దరు సంతకం పెట్టారు. కాగితం తిరిగి తిరిగి ఎల్డన్ గారి దగ్గరికే వచ్చింది. తొమ్మిది పేర్లు. పదో గీత ఖాళీగా ఉంది. ఆయన చెయ్యి దానంతటదే కలం మీదికి పోయింది.

"మీరు కాదు" అని డార్సీ కలం లాగేసుకుంది.

ట్రాస్క్ గారు గడియారం బల్ల మీద పెట్టి, చెయ్యి చాపి, కాగితం ఇటివ్వమన్నాడు. పదో గీత మీద నిదానంగా సంతకం చేశాడు. ఆ తర్వాతే మార్కుల పుస్తకం తెరిచి, క్రౌపా పేరుకు ఎదురుగా ఏ గ్రేడు వేశాడు.

ఎల్డన్ గారు ఆ అక్షరం వంక చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ట్రాస్క్ గారూ" అన్నాడు, "రబ్బరు బూట్లు తెచ్చుకోండి. ఆ క్లాసులో బురద ఎక్కువ."