చెక్కబండి సవరయ్య

సవరయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం ముక్కుపొడుం అలవాటైనా లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. ఇంగ్లీషు సినిమాలో స్టేషన్ వేగన్ కనబడితే చాలు, హాల్లో లేచి నిలబడి దాని పేరూ, అది పుట్టిన సంవత్సరమూ గావుకేక పెట్టి చెప్పేవాడు. సరిగ్గా చెప్తే అతని పెళ్ళాం సామ్రాజ్యం సరిపెట్టుకునేదేమో. కానీ ఆ మహానుభావుడు చెప్పింది ఎప్పుడూ తప్పే. అరిచి మరీ తప్పు చెప్పే మొగుడితో వేగడం ఎంత కష్టమో ఆమెను అడగాలి.

స్టేషన్ వేగన్ అంటే ఏమిటో మొదట్లో ఆమెకు తెలియదు.

"టేసను మన ఊళ్ళోనే ఉంది. వేగన్లు బాగ్‌బేరా రైలు యార్డు నిండా ఉన్నాయి. వాటిని సూడ్డానికి టికెట్టు కొనుక్కుని సినిమాకెల్లాలా?" అని అడిగింది.

"అయ్యి కాదే. ఇది కారు. పొడుగ్గా ఉంటాది. ఎనకాల తలుపు తీసి సామానెట్టుకోవచ్చు. పాత బళ్ళకైతే పక్కలకి చెక్కలు బిగిత్తారు."

"కారుకి చెక్కలా? వానకి ఉబ్బిపోవూ?"

"ఉబ్బుతాయి. చెదలు కూడా పడతాయంట," అన్నాడు సవరయ్య, ఆ చెదపురుగుల అదృష్టానికి అసూయపడుతున్నవాడిలా.

టెల్కో ఫ్యాక్టరీలో లారీలకు రంగు వేసే ఉద్యోగం అతనిది. వారమంతా లారీల మధ్యే ఉండేవాడు గాని వాటిని కన్నెత్తి చూసేవాడు కాదు. ఆదివారం పొద్దున్న చర్చిలో పూజ, అది కాగానే బిష్టుపూర్‌లో ఇంగ్లీషు ఆట. పూజలో కూడా మనసు బళ్ళమీదే. ఒకసారి ఫాదర్ గారు నోవహు ఓడ గురించి ప్రసంగిస్తున్నారు. అంతా చెక్క అట, కుటుంబమంతా పట్టేసిందట, వెనకాల జంతువులకూ మేతకూ చోటుందట. "అయితే అది స్టేషన్ వేగనే," అన్నాడు సవరయ్య. మెల్లగానే అనుకున్నాడు పాపం. ఫాదర్ గారు ప్రసంగం ఆపేశారు. ఆ రోజు నుంచి టెల్కో కాలనీలో అతని పేరు చెక్కబండి సవరయ్య. సామ్రాజ్యం కుళాయి దగ్గరకు వెళ్తే చెక్కబండి పెళ్ళాం.

ఈ జబ్బు అంటించినవాడు పక్క క్వార్టరు ముసలయ్య అని సామ్రాజ్యం గట్టి నమ్మకం. యుద్ధం రోజుల్లో ముసలయ్య చాకులియా విమానాల మైదానంలో తెల్లదొరల దగ్గర డ్రైవరు. వాళ్ళ చెక్క ఫోర్డుని నడిపాడు, కడిగాడు, చెక్కలకు వార్నీషు పూశాడు, చెదలతో స్వయంగా యుద్ధం చేశాడు. దొరలు వెళ్ళిపోయాక లారీ నడుపుకున్నాడు. ఆఖరికి చేతులు వణకడం మొదలై స్టీరింగు వదిలేసి కూతురు దాలమ్మ దగ్గరకు చేరాడు. స్టీరింగుతో పాటు మాట కూడా వదిలేశాడు. వరండాలో మంచం మీద కూర్చుని రోడ్డుకేసి చూసేవాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు నెట్టేసేవాడు.

"ఇలగైతే మా అయ్య ఎన్నాళ్ళుంటాడప్పా?" అని దాలమ్మ గోడ దగ్గర నిలబడి సామ్రాజ్యంతో చెప్పుకుని ఏడ్చేది.

ఒక ఆదివారం సవరయ్య ఆ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని సినిమాకు లాక్కుపోయాడు. తెరమీద ఒక వేగన్ వచ్చింది. "షెవర్లే!" అన్నాడు సవరయ్య. అది ఫోర్డు. నెలల తరబడి మూతబడిన ముసలయ్య నోరు అప్పుడు తెరుచుకుంది. మళ్ళీ మూయించడం హాల్లో ఎవరి తరమూ కాలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇదే వరస. తెరమీద నాయిక కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉంటుంది. వెనకాల ఎక్కడో ఒక బండి వచ్చి ఆగుతుంది. సవరయ్య లేస్తాడు.

"ఫోర్డు! నలభైతొమ్మిది!"

"ఓరి నీ జిమ్మడ! ముక్కు సూడరా ముక్కు! నలభైతొమ్మిది బండికి ముందర జాలీలో ఒకటే ముక్కు. దీనికి రెండున్నాయి. రెండు ముక్కులుంటే యాభైయొకటి. ఎన్నిసార్లు సెప్పాల్రా నీకు?"

"ఒక ముక్కే అవుపడింది మావా."

"రెండో ముక్కు నీ మొగానుంది, తడుంకో!"

ముందు వరస వాళ్ళు "చుప్! చుప్ బైఠో!" అని అరిచేవారు. నాయిక ఎందుకు ఏడ్చిందో ఎవరికీ తెలియకుండానే ఆ సన్నివేశం అయిపోయేది.

ఇంకోసారి తుపాకుల సినిమా. సవరయ్య కుర్చీ ఎక్కినంత పని చేశాడు.

"మావా, బండికి తూటాలు తగిలీసినాయి! పక్కన చిల్లులు పడ్డాయి సూడు!"

"తూటాలు కాదురా ఎర్రిమొగమా! అది బ్యూకు. బ్యూకుకి పుట్టుకతోనే చిల్లులుంటాయి. నీ బుర్రకున్నట్టే!"

ఆ మధ్యాహ్నం ముసలయ్య తిట్టుకుంటూ ఇంటికొచ్చి, తిట్టుకుంటూ అన్నం తిని, మారు అడిగి మరీ వడ్డించుకుని, తిట్టుకుంటూనే నిద్రపోయాడు. దాలమ్మకు పండగ. సామ్రాజ్యానికి మాత్రం తలవంపులు. బంగారం లాంటి మనిషికి రెండేళ్ళుగా ఒక్క కారు పేరు బుర్రకెక్కకపోతే ఏం చెయ్యాలి? ఎక్కనివాడు నోరు మూసుకోవచ్చు కదా? ఈ పిచ్చి వదిలితే కొవ్వొత్తి వెలిగిస్తానని మేరీమాతకు మొక్కుకుంది.

మొక్కు ఫలించింది. ఒక ఆదివారం పెద్ద పెద్ద ఆఫీసర్లు కుటుంబాలతో ఆటకొచ్చారు. కథానాయకుడు యుద్ధం నుంచి తిరిగొచ్చి తల్లిని కౌగిలించుకోబోతున్నాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. సరిగ్గా అప్పుడే అతను దిగిన బండి వెనక్కి తిరిగింది. ఆ తరువాత అయిదు నిమిషాలు తల్లీకొడుకుల మాట ఒక్కటీ వినబడలేదు. వినబడిందల్లా బంపర్ల గురించే. హాలు మేనేజరు నీలకంఠం టార్చిలైటు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సవరయ్యగారూ, ఇది సినిమా హాలా, మోటారు షెడ్డా? దయచేసి ఇకమీదట మా గుమ్మం తొక్కకండి. టికెట్టిచ్చేవాడికి కూడా చెప్పేస్తున్నాను."

సామ్రాజ్యం మర్నాడే వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది. ఆ పై ఆదివారం మొగుడు ఇంటిపట్టున ఉండి ఉల్లిపాయలు తరిగాడు. పిల్లికి స్నానం చేయించబోయి చెయ్యంతా గీరించుకున్నాడు. హాయిగా ఉందనుకుంది ఆమె. ఆ హాయి ఎంతో కాలం నిలవలేదు. దాలమ్మ మళ్ళీ గోడ దగ్గరకొచ్చింది.

"అప్పా, మా అయ్య మళ్ళీ మాటాడ్డం లేదు. ఆదివారం సొక్కా తొడుక్కుని కూకున్నాడు. సినిమా లేదంటే సొక్కా ఇప్పేసి పడుకున్నాడు. అన్నం కూడా ముట్టుకోలేదు."

"ఒంట్లో బాగులేదేమో, డాక్టరుకి సూపించండి."

"సూపించినాం. జబ్బేటీ లేదన్నాడు."

ఇంకో ఆదివారం గడిచింది. ముసలయ్య వరండాలోకి రావడం కూడా మానేశాడు. గోడకేసి తిరిగి పడుకుంటున్నాడట. ఆ మాట విన్నాక సామ్రాజ్యానికి తన కొవ్వొత్తి మీద తనకే అనుమానం వచ్చింది.

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళామూ చేపలు కొనడానికి సాక్చి బజారుకు వెళ్ళారు. బజారు పక్కన ఎవరో విదేశీ ఇంజనీరు తాలూకు పొడుగాటి బండి ఆగి ఉంది. చుట్టూ జనం. ఫోర్డంటాడొకడు, షెవర్లే అంటాడొకడు. సామ్రాజ్యం గుండె గుభేలుమంది. ఇప్పుడీయన నడిబజార్లో కేకేస్తే, అదీ తప్పు చెప్తే, ఇక సాక్చికి కూడా రాకూడదు.

సవరయ్య కేకెయ్యలేదు. చేపల సంచి చంకలో పెట్టుకుని, బండిని ముందు నుంచి వెనక్కి ఒక్కసారి చూసి, పరధ్యానంగా తనలో తను అనుకుంటున్నట్టు హిందీలో అన్నాడు.

"పాంటియాక్. యాభైయారు. కెనడాలో కట్టింది, స్టీరింగ్ కుడిపక్క ఉంది చూడండి. మొహం పాంటియాక్, లోపల ఎముకలన్నీ షెవర్లే."

బానెట్టు తుడుస్తున్న డ్రైవరు ఠక్కున తలెత్తాడు. "అరే వాహ్! సహీ బోలా భాయ్! ఇన్నాళ్ళకి ఒక్కడు చెప్పాడు!"

సామ్రాజ్యం మొగుణ్ణి పక్క సందులోకి లాగింది.

"ఏటండీ ఇది? మీకు తెలుసా?"

"ఏటి తెలుసు?"

"బళ్ళ పేర్లు!"

సవరయ్య దొరికిపోయిన దొంగలా నేలచూపులు చూశాడు. "మావ నేర్పితే ఎందుకు రాదే? రోజూ రంగులేసే కన్ను నాది. మొదట్లో నిజంగానే తెలీక తప్పు సెప్పీవోణ్ణి. నాలుగు నెల్లకి అన్నీ వచ్చేసినాయి. ఒక ఆదివారం మావ మెచ్చుకుంటాడని రైటు సెప్పినాను. 'ఊఁ' అన్నాడు. అంతే. సినిమా అయ్యేదాకా మరి మాటాడ్లేదు. ఇంటికెల్లి అన్నం తిన్లేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది సామ్రాజ్యం. అన్నీ నానే సెప్పేత్తే ఆయనకేటి మిగిలింది?"

"అందుకని అప్పట్నుంచీ..."

"తప్పు సెప్పడం తేలికనుకున్నావా? దగ్గర తప్పై ఉండాల. ఫోర్డుని పట్టుకుని ట్రాక్టరంటే మావ కనిపెట్టీడూ? వారమంతా రంగులేసుకుంటూ ఆలోసిత్తాను. ఆ తూటాల సంగతి కొంచెం ఎక్కువైపోనాదని నాకే బయమేసింది."

రెండేళ్ళుగా మొద్దు అనుకున్న మొగుడు ఒక ముసలాయనకు అన్నం సహించడానికి ఊరందరి చేతా మొద్దు అనిపించుకుంటున్నాడు. ఆమెకు గర్వంగా అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది. రెండూ కలిసి కోపంగా బయటికొచ్చాయి.

"ఈ ముక్క నాకు ముందే సెప్పకూడదూ? అనవసరంగా కొవ్వొత్తి ఎలిగించేసినాను!"

మర్నాడు మొగుడు డ్యూటీకి వెళ్ళగానే ఆమె బస్సెక్కి బిష్టుపూర్ వెళ్ళి నీలకంఠం ఎదుట నిలబడింది.

"మా ఆయన్ని రానియ్యండి బాబూ. ఆయన రాకపోతే ముసలయ్యగారు రారు. ఆ ముసలాయన మాటాడకపోతే తిండి తినరు. తినకపోతే ఎన్నాళ్ళు బతుకుతారు?"

నీలకంఠం చెడ్డవాడు కాదు. అయితే ఆఫీసర్ల దగ్గర తిన్న చీవాట్లు ఇంకా అరగలేదు. "మీ ఆయన నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా."

"తెరవరు. మేరీమాత మీద ఒట్టు. మా ఆయన నోట్లోంచి ఒక్క మాట రాదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా!"

ఆ ఒట్టు వేసేటప్పుడు తరువాత ఏం చెయ్యాలో ఆమె ఆలోచించలేదు. ముందు ముసలాయన మంచం దిగితే చాలనుకుంది.

ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. ఒట్టు ఎక్కడ తప్పుతానోనని సవరయ్య జేబురుమాలు మడిచి మూతికి కట్టుకున్నాడు. మావ అడిగితే పంటినొప్పి అని చెప్పమన్నాడు. ముసలయ్యను గోడవైపు కూర్చోబెట్టి, మధ్యలో సవరయ్య, ఇటు చివర సామ్రాజ్యం కూర్చున్నారు. సినిమా సగం గడిచింది. ఎక్కడ చూసినా గుర్రాలే. సామ్రాజ్యం ఒక్కొక్క గుర్రాన్నీ మనసులో తిట్టుకుంది.

ఆఖరికి కొండదారి మలుపులోంచి ఒక బండి వచ్చింది. పక్కలకి చెక్కలు, ముందర రెండు ముక్కులు. ముసలయ్య నిటారుగా లేచి కూర్చుని సవరయ్య కేసి తిరిగాడు. సవరయ్య కళ్ళు బయటికొచ్చాయి, మెడ నరాలు ఉబ్బాయి, జేబురుమాలు లోపలికీ బయటికీ ఊగింది. మాట మాత్రం రాలేదు. ముసలయ్య ఇంకాసేపు చూశాడు. మెల్లగా అతని తల వాలిపోవడం మొదలైంది.

బండి ఇంకో మలుపు తిరిగితే మాయమైపోతుంది. సామ్రాజ్యం చటుక్కున లేచి నిలబడింది. ఈ లోకంలో ఆమెకు పేరు తెలిసిన కారు ఒక్కటే.

"అంబాసడర్!" అని అరిచింది.

సవరయ్య రెండు చేతులతోనూ మొహం కప్పుకున్నాడు. అంత దూరం తప్పు ఎవరు నమ్ముతారు?

ముసలయ్య నమ్మాడు.

"ఓలమ్మీ! అమెరికా కొండమీద అంబాసడరేటే! దానికి పక్కన చెక్కలున్నాయి, కళ్ళెట్టుకు సూడు! ముందర రెండు ముక్కులున్నాయి, అయ్యి సూడు! యాభైయొకటి ఫోర్డు! మీ ఆయనే నయం, ఫోర్డని అయినా అంటాడు!"

వెనక నుంచి ఎవడో పకపకా నవ్వాడు. ఆ నవ్వు వరస వరసకూ పాకింది. నీలకంఠం టార్చి వేసుకుని రానే వచ్చాడు. సామ్రాజ్యం అతను నోరు విప్పకముందే అందుకుంది.

"మా ఆయన మాటాడ్లేదు బాబూ. మూతి సూసుకోండి, కట్టు కట్టే ఉంది."

నీలకంఠం టార్చి వెలుగులో మూతికట్టు చూశాడు, కుర్చీలో ముందుకు వంగి వేళ్ళతో రెండు ముక్కులు చూపిస్తున్న ముసలాయన్ని చూశాడు. టార్చి ఆర్పేశాడు.

"కొంచెం మెల్లగా తిట్టండి తాతగారూ," అని మాత్రం అన్నాడు.

తిరుగు బస్సులో ముసలయ్య టెల్కో వచ్చేదాకా ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు. దిగబోతూ, ఈ రోజు దాలమ్మ ఏం వండిందోనని పైకే అనుకున్నాడు. మెట్టు మీద ఆగి సామ్రాజ్యం కేసి తిరిగాడు.

"ఒచ్చే ఆదివారం నా పక్కన కూకో అమ్మీ. నీకు నేర్పుతాను. నీకైతే బేగి వత్తాది. ఈడికి ఈ జన్మలో రాదు."

సవరయ్య మూతికట్టు విప్పి, ఎంతో దిగులుగా మొహం పెట్టాడు.

"నిజమే మావా," అన్నాడు. "నా వల్ల అవడం లేదు."